చాప ఎత్తని సినిమా

పెలెనాటోకి సినిమావాళ్లంటే ఒళ్లు మంట. కారణం లేకపోలేదు. అతను కుర్రాడిగా ఉన్నప్పుడు ఓ తెల్లవాళ్ల గుంపు ఫాలెతాయి ఊళ్లో దిగి, రెండు నెలలు ఇసుకంతా తొక్కి, ఊరి మగాళ్ల చేత ఎన్నడూ కట్టని ఆకులు కట్టించి, ఎన్నడూ వెయ్యని గంతులు వేయించి పోయింది. తీరా సినిమా వచ్చాక చూస్తే ఊరికి వేరే దేశం పేరు పెట్టారు. పెలెనాటో ఒక్క చోట కనిపిస్తాడు, పొద చాటున ఈటె పట్టుకుని. ఈటె పట్టిన పాపాన వాళ్ల వంశంలో ఎవరూ పోలేదు. చేమదుంపలు తవ్వుకునే గునపం తప్ప వాళ్ల చేతికి ఇంకోటి తెలీదు.

అందుకే ఫువాటినో అనే ఆవిడ సముద్రం అవతలున్న రాజధాని అపియా నుంచి వచ్చి పాదిరిగారింట్లో దిగిందనీ, పెలెనాటో ఇంటి ముందు సినిమా తీస్తానంటోందనీ తెలిసినప్పుడు, అతను గునపం కింద పెట్టకుండానే "కుదరదు" అన్నాడు.

"ఆవిడ మన కొలుసు వాళ్ల మనవరాలేనయ్యా," అంది పెళ్లాం తెముకిసా. "ఆవిడ తీసిన సినిమాని ఎక్కడో మంచు దేశంలో జనం లేచి నిలబడి మెచ్చుకున్నారట. పేపర్లో పడింది."

"మంచు దేశంలో కూర్చుంటే చలేస్తుంది. లేచి నిలబడక ఏం చేస్తారు?"

ఆ సాయంత్రమే ఫువాటినో వచ్చింది. నలభై దాటిన మనిషి, కాస్త లావు, జుట్టు ముడివేసి అందులో పెన్సిలు గుచ్చుకుంది. గోడల్లేని ఆ ఇంటి అంచున, రాళ్ల మెట్టు మీద కూర్చుంది. పెలెనాటో కొబ్బరికాయలు ఒలుస్తున్నంతసేపూ ఒక్క మాట మాట్లాడలేదు. విసిగిపోయి అతనే అడిగాడు.

"ఏం కావాలమ్మా?"

"మీరు ఒలిచేది చూస్తున్నా బాబాయ్."

"ఒలవడం ఎప్పుడూ చూడలేదా?"

"చూశాను. ఇంత కోపంగా ఒలిచేవాళ్లని చూడలేదు."

తెముకిసా చాటుకి పోయి నవ్వింది. పెలెనాటో నవ్వలేదు గానీ, ఒలిచిన కాయల్లో ఒకటి కొట్టి ఆవిడ చేతికిచ్చాడు.

ఆవిడ పని తీరు ఊరికి మెల్లగా తెలిసింది. వెంట ముగ్గురే మనుషులు. కెమెరా పట్టేవాడు డంకన్ అని న్యూజిలాండ్ వాడు, ఎండకి రొయ్యలా ఎర్రబడ్డాడు. కెమెరాకి మూడు కాళ్ల స్టాండు ఉంది గానీ ఫువాటినో దాన్ని ఎప్పుడూ తెరవనివ్వదు. అందరూ నేల మీదే కూర్చోవాలి, కెమెరా కూడా నేల మీదే. కూర్చున్న పెద్దవాళ్ల ముందు నిలబడడమేమిటని వాళ్ల అమ్మమ్మ ఆవిడ పిక్కల మీద చీపురుతో కొట్టేదట. ఆ దెబ్బల భయం సినిమా తీసేటప్పుడు కూడా పోలేదు.

"దూరదేశాల్లో పెద్దపెద్ద వాళ్లు నన్ను అడుగుతుంటారు బాబాయ్," అని చెప్పింది ఓరోజు కోకో తాగుతూ. "నువ్వు కెమెరా ఎప్పుడూ అంత కిందికి పెడతావు, దాని వెనక ఏ సిద్ధాంతం ఉంది అని. నేను ఏం చెప్పను? మా అమ్మమ్మ చీపురు ఉంది అంటాను. రాసుకుంటారు."

ఆదివారం ప్రార్థన అయ్యాక ఆవిడ చర్చి హాల్లో తెల్ల దుప్పటి కట్టి సినిమాలు వేసేది. తనవి కాదు, వేరే దేశాలవి. నటించేవాళ్లు ఇవి చూడాలంది. నటించనివాళ్లు కూడా చూస్తారని ఆవిడకి తెలుసు. ఓ సినిమాలో తూర్పు దేశపు అక్కచెల్లెళ్లిద్దరు ఒకే వంటింట్లో వండుకుంటూ, సినిమా అయ్యేదాకా ఒకరితో ఒకరు మాట్లాడరు. "మా అక్కా నేనూ ఇంతే," అంది తెముకిసా పైకే. "మాకు వంటిల్లు ఒకటి ఎక్కువుంది, అంతే." ఇంకో సినిమాలో కొండదేశపు ముసలాడొకడు, అరువు తెచ్చుకున్న గాడిద చచ్చిపోతే, ఆ సంగతి యజమానికి చెప్పడానికి నడుచుకుంటూ పోతాడు. సినిమా మొత్తం నడకే. సగం ఊరు నిద్రపోయింది. "ఇందులో కొట్లాట ఎక్కడుంది?" అని ఎవరో ఆవలించారు.

గుమ్మం దగ్గర కూర్చున్న పెలెనాటోకి మాత్రం నిద్ర రాలేదు. ముసలాడు యజమాని గుమ్మం ముందు నిలబడి, తలుపు కొట్టడానికి చెయ్యెత్తి, దించి, మళ్లీ ఎత్తినప్పుడు, పెలెనాటో ముందుకు జరిగి కూర్చున్నాడు. జనం వెళ్లిపోయాక దుప్పటి మడుస్తున్న ఫువాటినో దగ్గరికి వచ్చాడు.

"ఇది తీసినాయన ఎవరు?"

"ఆ కొండల్లోనే పుట్టినాయన. ఆ దారిలోనే గొర్రెలు కాశాడట."

"మరీ అంత నడకెందుకు పెట్టాడు? ఊరు మారేటప్పుడు కాస్త తగ్గించొచ్చుగా."

"తగ్గిస్తే ఆ తలుపు దగ్గర మీకేం అనిపించేది కాదు బాబాయ్."

నిజమే అనిపించింది. నిజమే అనిపించడం అతనికి నచ్చలేదు.

మర్నాడు ఫువాటినో తన సినిమా కథ చెప్పింది. పడవ తిరగబడి ఒక కుర్రాడు చనిపోతాడు. పడవ నడిపినవాడు తాగి ఉన్నాడు. ఆఖర్న అతను తెల్లవారకముందే ఆ కుర్రాడి ఇంటి ముందుకొచ్చి, ఇక్కడి ఆచారం ప్రకారం సన్నగా అల్లిన చాప తల మీద కప్పుకుని కూర్చుంటాడు. ఇంటి పెద్ద చాప ఎత్తితే క్షమించినట్టు. ఎత్తకపోతే అక్కడే కూర్చోవాలి. కొడితే పడాలి, నరికితే చావాలి. ఆ ఇంటి పెద్దగా పెలెనాటో కూర్చోవాలి. కూర్చోవడం, లేవడం, చాప ఎత్తడం. మాటలేమీ లేవు.

పెలెనాటో మొహం నల్లబడింది. "మా సంగతి నీకెవరు చెప్పారు?"

"ఏ సంగతి?"

ఆవిడకి నిజంగానే తెలీదని కళ్లు చూస్తే అర్థమైంది. చెప్పాడు. చాలా ఏళ్ల కిందట తమ్ముడు ఇయోనా కొబ్బరి బస్తాల మీద కూర్చుని ట్రక్కులో వస్తున్నాడు. నడిపినవాడు పక్క ఊరు సాతువా వాడు, లఫాయెలె. రెండు సీసాలు పట్టించి ఉన్నాడు. నల్లరాళ్ల మలుపులో బండి ఒరిగి ఇయోనా పోయాడు. లఫాయెలె జైలుకి పోయి వచ్చాడు. వాళ్ల కుటుంబం చావుకి పందుల్ని పంపింది, డబ్బా చేపల పెట్టెలు పంపింది. అన్నీ పంపింది, చాప తప్ప. వాళ్ల పెద్ద, కుటుంబ బిరుదు మోస్తున్న ముసలాయన, "కోర్టు శిక్ష వేసింది, ఇంకా మేం ఎవరి గుమ్మంలో తల వంచాలి" అన్నాడట.

"నా తమ్ముడి ఖరీదు పది పందులు," అన్నాడు పెలెనాటో. "అవి కూడా బక్కవి."

ఫువాటినో లేవబోయింది. "ఇంకో ఇల్లు చూసుకుంటా బాబాయ్. తెలీక అడిగాను."

"వద్దు. ఇక్కడే తియ్యి." అతను సముద్రం వైపు చూశాడు. "అసలు చాప ఎలాగూ రాలేదు. నా గుమ్మం ముందు సినిమా చాపైనా చూస్తాను."

తీరా ఆ రోజు దగ్గరపడేసరికి సముద్రం పోటెత్తింది. చాప కింద కూర్చోవలసిన నటుడు అపియా రేవులో ఇరుక్కుపోయాడు. రేపు తెల్లవారుజామున తీయకపోతే కుదరదు. ఎల్లుండి పడవలు కదిలితే డంకన్ కెమెరాతో సహా తిరిగి వెళ్లిపోవాలి. చాప కింద ఉండేవాడి మొహం కనబడదు, ఎవరైనా చాలు అని ఫువాటినో ఊళ్లో అడిగింది. ఒక్కడు ముందుకు రాలేదు.

"ఈటె పట్టుకోమంటే పట్టుకుంటాం," అన్నాడు పాటల మాస్టారు. "కావాలంటే ఆడవేషం వేసుకుంటాం. చాప మాత్రం తల మీద వేసుకోం. ఆటకి వేసుకున్నా అది చాపే."

డంకన్‌కి ఇది అర్థం కాలేదు. "నేను కూర్చుంటా," అన్నాడు. ఊరంతా నవ్వింది. ఆ ఎర్ర కాళ్లు చాప కిందనుంచి బయటికొస్తాయట. చివరికి పాదిరిగారు చుట్టుపక్కల ఊళ్లకి కబురు పెట్టారు. పొద్దుగూకేవేళకి జవాబొచ్చింది. సాతువా నుంచి ఒకడు వస్తానన్నాడు.

"సాతువా నుంచా?" అంది తెముకిసా.

"సాతువాలో వాళ్లొక్కళ్లే ఉన్నారా?" అన్నాడు పెలెనాటో. అని, సగం తిన్న చేమదుంప పక్కన పెట్టేశాడు.

తెల్లవారుజామున ఆకాశం బూడిదరంగులో ఉండగా అతను ఇంటి మధ్య స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. వెనక, అతని భుజం పక్కగా, డంకన్ బోర్లా పడుకుని కెమెరా పట్టుకున్నాడు. ఫువాటినో పక్కనే మఠం వేసుకుని కూర్చుంది. వాకిట్లో గులకరాళ్ల మీద అడుగుల చప్పుడైంది. ఒక మనిషి అడుగులు కావవి. అడుగులు వస్తూనే ఉన్నాయి. తర్వాత బట్టల రాపిడి, ఒక దగ్గు. తర్వాత అలల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

కెమెరా నడుస్తోంది. వెలుగు కొంచెం కొంచెంగా వాకిట్లోకి దిగింది.

ముందుగా పెలెనాటోకి చాప కనబడింది. షూటింగ్ కోసం పాదిరిగారి భార్య ఇచ్చిన చాప ముతకది, పసుపుపచ్చది. ఇది అది కాదు. పాతది. ఏ అవ్వ అల్లిందో గానీ పట్టులా జారుతోంది, అంచున ఎర్ర ఈకలు అరిగిపోయి ఉన్నాయి. పెళ్లికీ చావుకీ కూడా బయటికి తీయని చాప. అలాంటిది ఏ కుటుంబంలోనైనా ఒకటే ఉంటుంది. దాని వెనక పది పదిహేనుమంది తలలు వంచుకుని కూర్చున్నారు. వాళ్ల ముందు కట్టెలూ, రాళ్లూ, అరటాకులూ పేర్చి ఉన్నాయి. మమ్మల్ని కాల్చుకు తిన్నా మీ ఇష్టం అని చెప్పడానికి తెచ్చేవి అవి. వాళ్లలో ముందున్న ముసలామె కొలోటీటా. లఫాయెలె తల్లి.

చాప కింద ఎవరున్నారో పెలెనాటోకి ఇంక ఎవరూ చెప్పనక్కరలేదు. పక్కనున్న ఫువాటినోకి కూడా అర్థమైపోయింది. ఆవిడ అడిగింది ఒక్క మనిషిని. కానీ తల మీద చాప పడ్డవాడు ఒంటరిగా రాడు, కుటుంబం వస్తుంది. ఆ మాట ఆవిడకి తట్టలేదు, పాదిరిగారికి తట్టలేదు, తెలిసిన ఊరివాళ్లెవరూ చెప్పలేదు.

ఎండ చాప మీద పడగానే లేవాలి. అలా చెప్పారు అతనికి. ఎండ పడింది. అతను లేవలేదు. ఇన్నేళ్లూ ఈ చాప ఎక్కడుంది? పందులొచ్చినప్పుడు ఏ పెట్టెలో ఉంది? ఇప్పుడు తల మీదికెక్కింది దేనికి? నా తమ్ముడి కోసమా, ఈ గాజుకన్ను కోసమా? రేపు ఏ మంచు దేశంలోనో జనం లేచి నిలబడి, ఆహా ఎంత బాగా తల వంచాడు అని చప్పట్లు కొట్టడానికా?

"అమ్మాయ్," అన్నాడు తల తిప్పకుండా. "ఆ డబ్బా ఆపించు."

"ఆపు డంకన్," అంది ఫువాటినో వెంటనే.

డంకన్ గుసగుసగా, "ఈ వెలుగు మళ్లీ రాదు," అన్నాడు. "ఇది నిజంగా జరుగుతోంది, తెలుస్తోందా నీకు? మనకి ఇంకో తెల్లవారుజాము లేదు."

"నిజంగా జరుగుతోంది కాబట్టే ఆపమంటున్నా."

"దీనికోసమేగా ఇంత దూరం వచ్చాం."

"మనం వచ్చింది దీనికోసం కాదు. ఇది మనది కాదు. లే. వంగుని నడువు, తల ఎత్తకు."

వాళ్లు నడుములు వంచి, కెమెరా చంకన పెట్టుకుని, ఇంటి పక్కనుంచి దారి దాటారు. అక్కడ ఊరివాళ్లు కొందరు చేరి నేల మీద కూర్చున్నారు. ఫువాటినో వాళ్లలో కూర్చుంది, కానీ ఇటు కాదు. సముద్రం వైపు తిరిగి, ఇంటికి వీపు పెట్టి కూర్చుంది. డంకన్ భుజం పట్టుకుని అతన్ని కూడా అటు తిప్పింది. పెలెనాటో అది చూశాడు. చూడడమే పనిగా బతికే మనిషి, ఈ సినిమాకి పడ్డ ఆరేళ్ల కష్టం ఈ వాకిట్లో కుప్పపడి ఉంటే, చూడకుండా అటు తిరిగింది. గాడిద కోసం నడిచిన ముసలాణ్ణి తీసినాయన కూడా ఇలాంటివాడే అయ్యుంటాడనిపించింది అతనికి.

ఇప్పుడు చూద్దాం అనుకున్నాడు. కెమెరా పోయింది, ఇప్పుడు లేస్తారా, ఉంటారా.

ఎవరూ లేవలేదు. ఎండ కొబ్బరిచెట్ల మీదికొచ్చింది. కొలోటీటా దగ్గింది. ఆమె పక్కనున్న పడుచు పిల్ల ఆమెకి నీడపట్టబోతే, ముసలామె ఆ చెయ్యి తోసేసింది. పొయ్యి దగ్గర తెముకిసా కోకో కాస్తూ, ఒంపకుండా అలా గరిటె పట్టుకునే ఉంది.

"నేనేం చెప్పను," అంది మొగుడితో మెల్లగా. "నీ తమ్ముడు. చెప్పాల్సింది నువ్వే. కానీ కోకో మాడిపోతోంది."

ఇయోనాకి ఈల వెయ్యడం వచ్చేది కాదు. పెదాలు చుట్టి ఊదితే గాలే వచ్చేది. అన్న చొక్కాలు అడక్కుండా వేసుకుపోయేవాడు. ఆ రోజు ఒంటి మీదున్నది కూడా పెలెనాటో చొక్కాయే. ఇన్నేళ్లూ తమ్ముడి గురించి తలుచుకుందామంటే ముందు లఫాయెలె పెద్దల మొహాలే అడ్డం వచ్చేవి. ఇవాళ వాకిట్లో వాళ్ల మొహాలు ఒక్కటీ కనబడడంలేదు. అన్నీ నేలకే వంగి ఉన్నాయి. అందుకేనేమో, చాలా రోజులకి చొక్కా గుర్తొచ్చింది.

పెలెనాటో లేచాడు. మోకాళ్లు పట్టేశాయి. మెట్టు దిగి, గులకరాళ్ల మీద నడిచి చాప ముందు ఆగి, కూర్చున్నాడు.

"కెమెరావాళ్లు పోయారు," అన్నాడు.

చాప కిందనుంచి బొంగురు గొంతొచ్చింది. "ఎప్పుడు పోయారు?"

"చాలాసేపైంది."

"నాకు తెలీదు." కాస్త ఆగి, "మంచిదైంది. చెమటకి ముక్కు కారుతోంది. అది కూడా పడుతుందేమోనని ఒకటే దిగులు."

వెనకెవరో నవ్వాపుకున్నారు. పెలెనాటోకి నవ్వు రాలేదు, కోపం కూడా రాలేదు.

"ఇన్నాళ్లూ ఎందుకు రాలేదు?"

"జైలు నుంచి వచ్చిన రోజే మా ఇంటి పెద్దని, పెద్దమావని, చాప అడిగాను. పెట్టె తాళం ఇవ్వనన్నాడు. చాప లేకుండా ఖాళీ చేతులతో వద్దామని సగం దారి వచ్చి, రెండుసార్లు వెనక్కి పోయాను. ఆమధ్య పెద్దమావ పోయాడు. నిన్న పాదిరిగారి మనిషి వచ్చి, చాప కింద కూర్చోవాలి, ఒకడు కావాలి, ఫలానా ఇంటి ముందు అన్నాడు. సినిమా వంకతోనైనా మీ వాకిట్లో కూర్చోవచ్చని ఒప్పుకున్నా. నేనొక్కణ్ణే వద్దామనుకున్నా. మా అమ్మ ఒప్పుకోలేదు."

"ఈ ఇంటి ముందు వీడు అబద్ధపు చాప వేసుకుంటే, మళ్లీ నిజం చాప వేసుకునే మొహం మాకుంటుందా?" అంది కొలోటీటా తల ఎత్తకుండా. "అందుకే పెట్టె పగలగొట్టించాను. తాళం ఎక్కడ దాచాడో ఆ ముసలాడు చచ్చేముందు కూడా చెప్పలేదు."

పెలెనాటో చాప అంచున అరిగిన ఈకల్ని వేలితో తడిమాడు. తర్వాత రెండు చేతులతో చాప అంచు పట్టుకుని ఎత్తాడు. లఫాయెలె మొహం చెమటతో, కన్నీళ్లతో, చాప గుర్తులతో గళ్లుగళ్లుగా ఉంది. నెరిసిపోయాడు. పెలెనాటో మనసులో అతనింకా ఇరవైరెండేళ్ల వాడే.

"లోపలికి రండి," అన్నాడు పెలెనాటో. "కోకో మాడిందట. అదే తాగాలి."

ఆ పూట పెలెనాటో ఇంట్లో రెండు ఊళ్ల జనం తిన్నారు. దారి అవతల కూర్చున్నవాళ్లని కూడా తెముకిసా కేకేసి పిలిచింది. ఫువాటినో అప్పుడే ఇటు తిరిగింది. ఏం జరిగిందని ఎవర్నీ అడగలేదు. డంకన్ మాత్రం చేమదుంప నములుతూ కెమెరా వైపు చూసి నిట్టూర్చాడు. కొలోటీటా అతని ప్లేట్లో ఇంకో ముక్క వేసి, "వీడెవడో పాపం, వీడింట్లో ఎవరైనా పోయారా?" అని అడిగింది.

వెళ్లేముందు ఫువాటినో ఒక్కటే అడిగింది. "మీరు ఆపమనేదాకా తీసింది కొంచెం ఉంది బాబాయ్. మీ వీపు, వాకిలి, చాప మీద ఎండ పడడం. అంతే. ఉంచుకోనా? వద్దంటే తీసేస్తాను. నాకు వేరే ఆఖరు లేదు, కానీ తీసేస్తాను."

పెలెనాటో సాతువాకి వెళ్లి వాళ్లని అడిగాడు. వాళ్లు కూడబలుక్కుని, మొహాలు కనబడకపోతే సరేనన్నారు.

ఆ సినిమా చాలా దేశాలు తిరిగింది. ఎక్కడికెళ్లినా మెచ్చుకున్నారు. చాప ఎత్తకుండా సినిమా ఆపెయ్యడానికి ఎంత గుండె కావాలి అని రాశారు. ఈ దర్శకురాలు మనకి సులువైన క్షమాపణ ఇవ్వదు అని రాశారు. పాదిరిగారు పేపరు చదివి వినిపిస్తుంటే ఫాలెతాయి జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒక పెద్ద సభలో ఎవరో లేచి, ఇంతకీ అతను చాప ఎత్తాడా అని అడిగితే, ఫువాటినో "అది నేను చూడలేదు" అందట. అది గొప్ప జవాబని జనం చప్పట్లు కొట్టారట.

"ఉన్నమాటే చెప్పింది," అన్నాడు పెలెనాటో. "ఉన్నమాటకి చప్పట్లు పడ్డాయంటే, ఆ దేశాల్లో అదెంత కరువో."

చివరికి చర్చి హాల్లోనే, ఆ తెల్ల దుప్పటి మీదే, ఫువాటినో తన సినిమా వేసింది. సాతువా జనం ఒక ట్రక్కు నిండా వచ్చారు. పెలెనాటో, లఫాయెలె, కొలోటీటా ఒకే చాప మీద కూర్చున్నారు. తెర మీద బూడిదరంగు వెలుగొచ్చింది. పెలెనాటో వీపు, అతనికే తెలీనంత వంగిపోయి. వాకిలి. చాప. దాని మీద ఎండ మెల్లగా, గడపదాకా పాకే నీళ్లలా వచ్చింది. అంతే. చీకటి. పేర్లు పడడం మొదలైంది.

హాల్లో ఎవరూ కదల్లేదు. పెలెనాటోకి కళ్లు మసకబారాయి. సినిమాలకి ఏడ్చేవాళ్లని చూసి అతను జీవితమంతా నవ్వాడు.

"ఒరేయ్ పెలెనాటో," అంది కొలోటీటా, హాలంతా వినబడేలా. "ఇంకా ఎంతసేపు కూర్చోబెడతావురా మావాణ్ణి ఎండలో?"

"నన్నడుగుతావేం పిన్నీ?" అన్నాడు పెలెనాటో మొహం తుడుచుకుంటూ. "నేనెత్తాను. చూడాల్సిన మనిషి అటు తిరిగి కూర్చుంది."

హాలు మొత్తం గొల్లుమంది. అందరూ వెనక్కి తిరిగి ఫువాటినో వైపు చూశారు. ఆవిడ రెండు చేతుల్తో మొహం కప్పుకుని నవ్వుతోంది. పెలెనాటో మాత్రం ఇంకా తెర వైపే చూస్తున్నాడు. పేర్లు అయిపోయేదాకా, ఒక్కో పేరు కూడబలుక్కుని చదువుకుంటూ కూర్చున్నాడు.